ఉప్పు దొర చక్రాలు

అన్న అడుగుల చప్పుడు ఇసుకలో కలిసిపోయింది. బండి తోలుకొచ్చిన పోలేరయ్య ఎద్దుల్ని విప్పి నీళ్ళకు తోలుకుపోయాడు. కాడి కింద కట్టెలు నిలబెట్టి ఆపిన బండిలో, గడ్డి మీద పరిచిన జంబుఖానా మీద, ముంతాజ్ బేగం ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురుగా పులికాటు. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన ఇల్లు వీపు వెనక, సరుగుడు చెట్ల అవతల ఎక్కడో ఉంది. నడుము అంత దూరం తిరగదు గనక ఆమెకు కనిపించేది నీళ్ళే. చిన్నప్పటి జ్వరం రెండు కాళ్ళనూ పడేసింది మొదలు ఈ ఇరవయ్యారో ఏటి దాకా, ఆరుబయట, మనిషి అలికిడి లేని చోట ఆమె ఒంటరిగా కూర్చున్నది లేదు. భయం వేస్తుందేమోనని కాసేపు కనిపెట్టుకుని ఉంది. భయం రాలేదు, గాలి వచ్చింది. ఉప్పు వాసన, ఎక్కడో ఎండబెట్టిన రొయ్యల వాసన, తడిసి ఆరిన తాటి మట్టల వాసన. నీళ్ళ మీద గాలి ఒకచోట కుచ్చెళ్ళు పెడుతోంది, ఇంకోచోట ఇస్త్రీ చేసినట్టు వదిలేస్తోంది. దూరంగా ఎర్రకాళ్ళ కొంగలు తలలు ముంచి నిలబడి ఉన్నాయి, ఒక పెద్ద చీర అంచు మాదిరి. అవీ కదలడం లేదు. కదలాలనుకుంటే కదులుతాయి, అంతే తేడా అనుకుంది. అనుకుని, ఆ మాటలో ఏడుపేమీ లేదని తనకే ఆశ్చర్యం వేసి, జుట్టు ముడి విప్పి గాలికి వదిలింది. ఇంట్లో అయితే ఎవరైనా చూస్తారు. ఇక్కడ చూసేది కొంగలే.

వెనక ఆ ఇంట్లో దూలానికి రెండు చక్రాలు వేలాడుతూ ఉంటాయి. ఆమె వాటిని ఇంకా చూడలేదు, అయినా చూసినట్టే ఉంది. వాటి కబురు చెప్పింది నాయుడుపేటలో సైకిళ్ళు బాడుగకిచ్చే మీరా మొహిద్దీన్. చెప్పింది కూడా నవ్వులాటకే. అన్న ఖాదర్ బాషా రేకు పని చేస్తాడు, బుడ్డి దీపాలూ బకెట్లూ అతికిస్తాడు. కారిపోయే కిరసనాయిలు డబ్బా ఒకటి అతికించుకోవడానికి వచ్చి కూర్చుని మొహిద్దీన్ చెప్పాడు. "దొరవారిసత్రం అవతల పులికాటు గట్టున మాలకొండమ్మని ఒకామె ఉండాది. మొగుడు హజరత్తయ్య ఉప్పు దొర కాడ, అదే ఉప్పు కొఠార్ల మీద ఉండిన తెల్లదొర కాడ నౌకరు. దొర సీమకు పోతా పోతా పందేల సైకిలు ఆయనకిచ్చి పొయ్యినాడంట. బండి యాడికో పొయ్యింది, చక్రాలు రెండూ దూలానికి యాలాడతా ఉండాయి. అల్యూమినియం రిమ్ములు, ఒంటి వేలితో ఎత్తొచ్చు. ఏం లాభం? ఆ సైజు టైరు ఇప్పుడు ఈ దేశంలోనే లేదు. ట్యూబును లోపల పెట్టి కుట్టేసిన టైరు గదా, జిగురుతో అంటించాల. నేను పోయి చూసి ఒట్టి చేతులతో వచ్చేసినా. ఎవురికి కావాల అయి?" అప్పుడు ముంతాజు తలుపు పక్కన కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉంది. మిషను చక్రం తిప్పే చెయ్యి దానంతట అదే ఆగింది. ఒంటి వేలితో ఎత్తొచ్చు అన్న మాట చెవిలో ఉండిపోయింది. ఆ రాత్రి పడుకుంటే తన పైన ఇంటి దూలానికి ఎవరివో చక్రాలు వేలాడుతున్నట్టూ, సముద్రపు గాలికి వాటంతట అవే తిరుగుతున్నట్టూ, ఆ తిరగడంలో చప్పుడు లేనట్టూ అనిపించింది.

తనకొక చేతి బండి కావాలన్న మాట మొదలై రెండేళ్ళు. నాయుడుపేట స్టేషను బయట ఒక మనిషిని చూసింది, గూడూరు నుంచి వచ్చి దువ్వెనలూ అద్దాలూ అమ్ముకునేవాడు, కాళ్ళు లేవు, మూడు చక్రాల బండి మీద కూర్చుని రెండు పిడులు చేతులతో తిప్పుకుంటూ జనంలోంచి పోతున్నాడు. అన్న వీపు మీది నుంచి ఆమె అతన్నే చూస్తూ ఉండిపోయింది. అతను టీ అంగడి దగ్గర ఆగాడు. తాగాడు. తరవాత ఏమీ పని లేకుండానే ఒక చుట్టు తిరిగి, వేప చెట్టు నీడకు పోయి నిలబడ్డాడు. ఆమెకు నచ్చింది అదే. పనికోసం పోవడం కాదు, నీడ బాగుందని పోవడం. ఇంటికి వచ్చి అన్నతో చెప్పింది. మర్నాడు ఎక్కడి నుంచో పాత గొట్టాలు తెచ్చాడు. మంచం కోళ్ళకు పెట్టే ఇనుప పట్టీలు తెచ్చాడు. నెల తిరిగేసరికి ఒక కూర్చునే చట్రం లేచింది. దానికి మొదట నీళ్ళ బండి ఇనుప చక్రాలు తగిలిస్తే ఆమె చేతులకు అది కదలనే లేదు. తరవాత మొహిద్దీన్ దగ్గర బాడుగ సైకిలు చక్రాలు ఒక పూట అడిగి తెచ్చి బిగించాడు. వీధిలో కదిలింది. ఆమె అరిచింది కూడా. కానీ రైలు గేటు దగ్గర ఎత్తు ఉంది. ఆ ఎత్తు సగం ఎక్కేసరికి భుజాలు మండిపోయి, చేతులు వదులై, బండి వెనక్కి జారింది. ఎవరెవరో పరిగెత్తుకొచ్చి తోశారు. గేటు దాటించి చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. బరువు తగ్గాలి అని అన్న ఇంటికొచ్చాక నేలకేసి చూస్తూ అన్నాడు. తన బరువు గురించి కాదు, చక్రాల గురించేనని తెలుసు. అయినా ఆ పూట ఆమె అన్నం సగంలో వదిలేసింది.

అప్పటి నుంచీ వెతుకులాట. అన్నకు పని లేని రోజు వస్తే రైలెక్కి గూడూరు పోయేవాడు, నెల్లూరు పోయేవాడు, పాత ఇనుము అంగళ్ళ ముందు గొంతుక్కూర్చుని గుట్టలు కెలికేవాడు. కొత్త సామాను వాళ్ళకు అందదు. అందిన కొత్త సామాను ముద్దగా, బరువుగా ఉంటుంది. కావలసింది పాతదే, ఒకప్పుడు దొరలూ జమీందార్ల కొడుకులూ సరదాకు తెప్పించుకున్నది, మంచిదే అయినా కాలం దాటిపోయి ఇప్పుడు దేనికీ అమరనిది. అమరదు గనక చవక. సాయంకాలం అన్న గోనెసంచి తెచ్చి ఆమె ముందు కుమ్మరించేవాడు. ఆ సమయం ఆమెకు పండగ. ఒక్కొక్కటీ కిరసనాయిల్లో ముంచి, పాత గుడ్డతో తుడిచేది. మడ్డి కింద నుంచి మెల్లగా వెండి రంగు బయటపడేది, దాని మీద వేలి గోరంత ఇంగ్లీషు అక్షరాలు. చదవడం రాదు. వేలితో తడిమి, ఇది నెల్లూరులో దొరికిన పెడలు మీద ఉన్న పేరే అని గుర్తు పట్టేది. పళ్ళ చక్రం ఒకటి దొరికింది, మధ్యలో పువ్వు ఆకారంలో కోసి ఉంది. తిప్పితే తిరిగేదే గదా, దానికి పువ్వెందుకు? ఎవడో ఒకడు సీమలో ఏదో ఊళ్ళో, చలిలో, కూర్చుని కోసి ఉంటాడు. తాను రవిక చేతుల అంచుకు ఎవరూ అడగకుండానే రెండు వరసలు ఎక్కువ కుట్టినట్టే. ఆ మనిషికి తన మొహం తెలియదు, తనకు అతని మొహం తెలియదు. పువ్వు మాత్రం నాయుడుపేటలో ఒక తలుపు పక్కన కిరసనాయిలు వాసన వేస్తూ మెరుస్తోంది.

కొంగల్లో ఒకటి రెక్క విప్పింది. లోపల ఇంత ఎరుపు దాచుకుని ఉందా! మళ్ళీ మూసుకుంది. అమ్మ కూడా అంతే, నల్లటి బురఖా లోపల ఎర్ర చీరలే కట్టేది. అమ్మ చంకలో ఉన్నప్పుడు లోకమంతా అమ్మ చెవి కమ్మల పక్క నుంచి కనిపించేది. కసుమూరు దర్గాకు తీసుకుపోయి అక్కడ చల్లటి బండల మీద పడుకోబెట్టింది ఒకసారి. సాంబ్రాణి పొగ, పైన పావురాలు. ఏదో జరుగుతుందని అందరూ తన కాళ్ళకేసే చూస్తుంటే, తాను మాత్రం పావురాల్ని చూసింది. తిరిగొచ్చేటప్పుడు అమ్మ ఏడవలేదు. సంతలో ఆగి రెండు చేతులకూ మోచేతి దాకా గాజులు తొడిగించింది. కాళ్ళు రాలేదు గనక చేతులకు తొడిగించిందేమో. అమ్మ పోయాక అన్న వీపు. అన్న మెడ దగ్గర అతుకు పనికి వాడే నవాసాగరం వాసన, కరిగిన సీసం వాసన. కళ్ళు మూసుకున్నా అన్న అడుగుల్ని బట్టి ఇది బజారు, ఇది గేటు, ఇది మసీదు సందు అని చెప్పగలిగేది. ఈమధ్య ఆ అడుగుల మధ్య ఊపిరి కూడా వినిపిస్తోంది. గేటు ఎత్తు దగ్గర నోటితో పీల్చుకుంటాడు, తనకు వినిపించకూడదని మొహం పక్కకు తిప్పుకుంటాడు. సూళ్ళూరుపేట సంబంధం వాళ్ళు వచ్చినప్పుడు పెళ్ళికూతురి పెద్దమ్మ మర్యాదగానే అడిగింది, చెల్లెల్ని రేపు ఎవురు మోస్తారు అని. ఆ మాటలో తప్పేముంది? అన్న లేచిపోయి పొద్దుగూకే దాకా బకెట్లు అతికించాడు. సంబంధం ఇంకా తెగలేదు, కుదరలేదు. పంచాయతీ సమితి వాళ్ళు గేటు అవతల పెట్టిన కుట్టు కేంద్రం సంగతీ అంతే. అక్కడి ఇందిరమ్మ గారు ముంతాజు కుట్టిన రవిక తిరగేసి మరగేసి చూసి, పిల్లలకు నేర్పే పని నీకే ఇప్పిస్తా, కానీ రోజూ టయానికి రావాల అని చెప్పిపోయారు. రోజూ అంటే రోజూ అన్న వీపు మీద. ఉగాది లోపల ఏ సంగతీ చెప్పకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. ఆ పిల్లలకు తాను ఏ వైపు నుంచి వస్తూ కనిపించాలి? వీపు మీది మూటలాగానా, లేక...

ఇసుకలో అడుగులు. ఆమె గబగబా జుట్టు ముడేసుకుంది.

"ధర దిగేట్టు లేదు మే," అన్నాడు ఖాదర్ బాషా, బండి పక్కకు వచ్చి నిలబడి. మొహమంతా చెమట. "పన్నెండు రూపాయలంటాది. ఆ మాట మీదనే కూర్చునింది. ముప్పయ్యేళ్ళుగా యాలాడతా ఉండే చక్రాలకు పన్నెండా? మనకాడుండే పదైదులో మిగిలే మూడు రూపాయలకు, టైరు బదులు బిగించే జట్కా రబ్బరు వస్తాదా?"

"చక్రాలు ఎట్టుండాయి?"

అతని మొహం మారింది. "అల్లా! ముట్టుకుంటే తిరుగుతుండాయి ముంతాజూ. ఉప్పు గాలికి ఇనప సువ్వలు కాస్త తుప్పు పట్టినాయి గాని రిమ్ము చెక్కు చెదరలా." బండి చక్రం మీద గోరుతో గీస్తూ నిలబడ్డాడు. "నీ సంగతి నేను చెప్పలా. ఎవురికి అని అడిగితే మాకే అన్నా. ఒక్కసారి నిన్ను ఎత్తుకోని పోయి ఆమె ముందర కూర్చోబెడితే... చూస్తే ఆమెకే..."

మిగతా మాట అనక్కరలేదు. గాజుల అంగట్లో రెండు ఎక్కువ తొడిగి డబ్బు వద్దమ్మా అన్నవాడు, అరటిపళ్ళ ముసలామె, దారం రీలు ఊరికే ఇచ్చి ఆకాశానికి చేతులెత్తిన కోమటాయన, వీళ్ళంతా వరసగా ఆమె కళ్ళ ముందు నుంచి పోయారు. అందరూ మంచివాళ్ళే. పుట్టి బుద్ధెరిగాక ఒక్క వస్తువునూ దాని ధరకు కొన్నది లేదు. తన ముఖం కనపడితే చాలు ధరలు పడిపోతాయి, ఎండకు వాడిన ఆకుల్లాగా. అన్న మీద కోపం రావాలి. రాలేదు. అతని చొక్కా వీపు దగ్గర తన చీర రంగు అంటి మాసిపోయి ఉంటుంది, ఎన్నిసార్లు ఉతికినా పోదు. అలాంటి మనిషి మీద కోపం ఎలా వస్తుంది? నీళ్ళ మీద ఎండ పలచబడుతోంది. ఎక్కడో పడవ గెడ నీళ్ళలో పడిన చప్పుడు మెత్తగా వచ్చింది.

"నేను రాను," అంది.

"ఎందుకు మే?"

"కొనేది నేను. కావాలంటే ఆమెనే ఇక్కడికి రమ్మను. బేరం నేను చేస్తా."

అన్న ఆమెకేసి చూసి, తల గోక్కుని, మళ్ళీ వెళ్ళాడు. ముంతాజు కాళ్ళ మీది దుప్పటి సర్దుకుంది. బేరం అంటే ఏమిటో వినడమే గాని చేసింది లేదు. వీధిలో ఆడవాళ్ళు కూరగాయలవాడితో తగువు పడుతుంటే కిటికీ లోంచి విన్న మాటలన్నీ గుర్తుకు తెచ్చుకోబోయింది. ఒక్కటీ రాలేదు. అమ్మ కసుమూరు సంతలో గాజులకు బేరమాడిందా? ఆడలేదనుకుంటా, ఆ రోజు అడిగినంత ఇచ్చేసింది. కొంగలు ఇంకాస్త దగ్గరికి జరిగినట్టున్నాయి, లేదా వెలుతురు అటు తిరిగిందేమో. వీపు వెనక ఒక ముసలి గొంతు గట్టిగా మాట్లాడుతూ వస్తోంది. ఆ గొంతు వంగి లేదు.

మాలకొండమ్మ పొడుగు మనిషి. అరవై దాటి ఉంటాయి. జుట్టంతా తెల్లగా, ముక్కుపుడక నల్లగా, చీర మోకాళ్ళ కిందికి ఎగ్గట్టి ఉంది. ఆమె బండికి ఎదురుగా వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని, దుప్పటి కింద సన్నగా పడి ఉన్న ముంతాజు కాళ్ళకేసి చూసింది. అలా చూసినవాళ్ళు మామూలుగా ఒక క్షణంలో కళ్ళు తిప్పుకుని, అయ్యో అని పెదవి విరుస్తారు. మాలకొండమ్మ తిప్పుకోలేదు. సంతలో గేదెను చూసినట్టు తీరిగ్గా చూసింది. "ఎప్పుడు పొయ్యినాయి?" అని అడిగింది. "మూడేళ్ళప్పుడు," అంది ముంతాజు. "చేతులు చూపియ్యి," అంది ముసలామె. అరచేతులు పట్టుకుని, బొటనవేలి మొదట్లో గట్టిపడిన చోట నొక్కి చూసి, వదిలేసింది.

"పదైదు," అంది.

"ఏంది?" అన్నాడు ఖాదర్ బాషా.

"పదైదు రూపాయలు."

"ఇప్పుడే గదమ్మా పన్నెండన్నావు!"

"పన్నెండు నీకు. నువ్వు రేకులోడివి, యాడో అతికించి అమ్ముకుంటావనుకున్నా. ఈ బిడ్డకైతే అవసరం ఉండాది గదా. అవసరం ఉండే చోటనే గదయ్యా ధర వచ్చేది. ఇన్నేళ్ళూ అవసరం ఉండేవోళ్ళు ఎవురూ రాలా, అందుకే అయి దూలానికి ఉండాయి."

అన్న మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ముంతాజుకు మాత్రం కడుపులోంచి ఏదో బుడబుడమని పైకి వచ్చింది, ఏమిటో తెలిసేలోగా నవ్వు అయిపోయింది. ఆపుకోలేక నోటికి పైట అడ్డం పెట్టుకుంది. ఎవరో మొదటిసారి తన ముఖం చూసి ధర పెంచారు. ముసలామె ఆ నవ్వును కూడా లెక్క చెయ్యకుండా నిలబడింది. అప్పుడు ముంతాజుకు మాటలు వచ్చాయి, ఎక్కడ దాక్కున్నాయో గాని. "పదైదు ఏం మొహం పెట్టుకోని అడుగుతావు అవ్వా? టైరు లేదు. టైరు ఈ దేశంలోనే దొరకదంట. సువ్వలు తుప్పు. ముప్పయ్యేళ్ళు బల్లులు గుడ్లు పెట్టిన చక్రాలు. ఇనుపోడికిచ్చినా తూకానికి రావు, అంత తేలిక. తొమ్మిది ఇస్తా."

"తేలికని గదా నువ్వు వచ్చింది? బరువైతే నాయుడుపేటలో దొరకవా?" అంది మాలకొండమ్మ. "బల్లులు గుడ్లు పెట్టినాయంటే అయి కదలకుండా సరిగ్గా ఉండాయని. పద్నాలుగు."

"పది. నువ్వు ఇంత పొడుగుండావు, నీకు సరిపొయ్యే రవిక ఊళ్ళో ఎవురూ కుట్టలా. చంకలో బిగిసి ఉండాది చూడు. నేను కుట్టి పంపిస్తా, కుట్టుకూలి వద్దు."

ముసలామె ఎడమ చెయ్యి పైకెత్తి చంక చూసుకుంది. ఆమె మొహం మొదటిసారి కాస్త మెత్తబడింది, వెంటనే సర్దుకుంది. ఆ తరవాత కాసేపు ఇద్దరూ ఏమేమి అన్నారో ముంతాజుకు పూర్తిగా గుర్తుండలేదు. ఒక పాట మధ్యలో ఉన్నట్టు ఉండింది, ఆమె ఎక్కడ ఆపితే అక్కడ తాను అందుకోవడం. పదమూడుకూ రెండు రవికలకూ కుదిరింది. పదమూడు అన్న మాట ముసలామె నోటి నుంచి రాగానే ఖాదర్ బాషా తల పట్టుకున్నాడు. "నేను పన్నెండుకు తెస్తినే! ముంతాజూ, నీకేమన్నా..." "నువ్వు ఊరుకో అన్నా," అంది ఆమె. పమిట చెంగున కట్టిన డబ్బు తీసి తన చేత్తో తానే ఇచ్చింది. కొత్త పైసలూ పాత అణాలూ కలిసి ఉంటే ముసలామె ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూసుకుంది. ఆ చూసుకోవడం కూడా ముంతాజుకు చెప్పలేనంత బాగుంది.

అన్న చక్రాలు దించి తేవడానికి పోయాడు. మాలకొండమ్మ మాత్రం పోలేదు. బండి నొగ మీద కూర్చుని, రొండిన ఉన్న సంచి తీసి, ఆకుకు సున్నం రాసి ముంతాజుకు ఒకటిచ్చి తానొకటి వేసుకుంది. నీళ్ళకేసి చూస్తూ నములుతూ ఉండిపోయింది. ఎవరితోనో చెబుతున్నట్టు అంది, "నేను ఎక్కినా దాన్ని."

"దేన్ని?"

"సైకిలును. నీ వయసు కూడా ఉండదు నాకప్పుడు. ఎండకాలం ఈ నీళ్ళన్నీ పోతాయి గదా. నేలంతా తెల్లగా, సాపుగా, యాడ చూసినా ఉప్పే. దొర సాయంత్రమైతే దాని మీదనే తిరిగేవోడు. దొర పొయ్యినాక మా ఆయన, ఎవురూ చూడరులే రా అని నన్ను తీసకపొయ్యినాడు. చీర గోచి పెట్టి కట్టుకున్నా. ఆయన సీటు పట్టుకోని పరిగెత్తి పరిగెత్తి వదిలేసినాడు. ఎక్కేది నేర్పినాడు గాని ఆపేది, దిగేది నేర్పలా. పోతానే ఉన్నా. అడ్డం ఏముండాది? చెట్టు లేదు, గోడ లేదు, మనిషి లేడు. వెనక ఆయన కేకలేస్తానే ఉన్నాడు, ఆ కేకలు కూడా సన్నంగా అయిపొయ్యినాయి." ఆమె ఆకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. "కాళ్ళు అలిసినాక అదే పడిపొయ్యింది. పడినదాన్ని అట్నే పండుకున్నా. పైకి లేచే బుద్ధి కాలా. ఆయన వచ్చేసరికి చుక్కలు పొడిచినాయి."

ముంతాజు చూసింది. ఎదురుగా ఉన్న నీళ్ళు మెల్లగా ఇంకిపోయాయి. కొంగలు ఎటో పోయాయి. పడవలు ఒరిగి నిలబడ్డాయి. తెల్లటి నేల మీద, గోచి కట్టుకున్న ఒక పొడుగాటి పిల్ల చిన్నదైపోతూ చిన్నదైపోతూ పోతోంది. చక్రాలు కనపడటం లేదు, అంత సన్నం అవి. ఎవరో వెనక నుంచి పిలుస్తున్నారు. ఎవరిని? ఆ పిల్లనా, తననా? తానే ఆ సీటు మీద ఉన్నట్టూ, కాళ్ళ సంగతి అక్కడ ఎవరికీ పట్టనట్టూ, ముఖానికి కొట్టే గాలి ఇందాకటి నుంచీ కొడుతున్న ఈ గాలే అయినట్టూ అనిపించింది. ఇంత దూరం పోయి, ఎవరూ అందుకోలేని చోట పడుకుని, ఆకాశం చూసి, తిరిగొచ్చి ఈ మనిషి వంట చేసి ఉంటుంది, పిల్లల్ని కని ఉంటుంది. ఎవరికీ చెప్పి ఉండదు. "మళ్ళీ ఎక్కినావా?" అని అడిగింది. "ఆ ఒక్క ఎండకాలమే," అంది మాలకొండమ్మ. "గాలివాన ఏట తిండికి లేక బండి అమ్మేసినాడు. కొన్నోడు టైరు దొరకని చక్రాలు వద్దని వదిలేసి పొయ్యినాడు, మళ్ళా ఎవురూ అడగలా. ఆయన పొయ్యినాక వాటిని చూస్తే కోపం వచ్చేది, ఊరికే తిరుగుతుంటాయని." లేచి, చీర దులుపుకుని, బండి లోపలికి ఒకసారి చూసింది. "నీకు దిగే పని లేదు. అది నయం," అంది. అంతే, ఇంటి వైపు నడిచిపోయింది. రవికల కొలత ఇవ్వలేదని ముంతాజుకు తరవాత గాని గుర్తు రాలేదు. గుర్తు రాగానే అక్కర్లేదనుకుంది, ఆ భుజాలు ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి.

ఖాదర్ బాషా రెండు చేతులా రెండు చక్రాలు తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. ఒడిలో ఏదీ పెట్టనట్టే ఉంది. దుమ్ము, సాలెగూడు, ఒక ఎండిన బల్లి గుడ్డు. ఆమె చెంగుతో ఒకచోట తుడిచింది. లోపల నుంచి మబ్బు పట్టిన వెండి రంగు వచ్చింది. ఇరుసును ఎడమ చేతి వేళ్ళ మధ్య పట్టుకుని కుడిచేత్తో ఒక్క తోపు తోసింది. సువ్వలన్నీ కలిసిపోయి లేకుండా పోయాయి. ఆ లేని చోటులో నుంచి నీళ్ళు కనిపించాయి, నీళ్ళ మీద ఎండ కనిపించింది. ఆగుతుందని చూసింది. చెయ్యి నొప్పి పుట్టింది గాని అది ఆగలేదు. "ఏమైనా పన్నెండుకు వచ్చేది," అన్నాడు అన్న, అతను కూడా దాన్నే చూస్తూ. ఆ గొంతులో కోపం లేదు. రిమ్ము గాడిలో జట్కా రబ్బరు ఎలా కూర్చోబెట్టాలో, ఏ తీగతో బిగించాలో చెప్పడం మొదలుపెట్టాడు. ముంతాజు ఊ కొడుతోంది. గేటు ఎత్తు కళ్ళ ముందు ఉంది. గేటు అవతల పిల్లలు కత్తెర్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒకరోజు భుజాలు మండుతాయి, ఇంకోరోజు సగంలో జారతాయి, మళ్ళీ చప్పట్లు కొడితే కొట్టుకోనీ. పైకి పోయాక ఒక నీడ వెతుక్కుని, పని లేకపోయినా, అక్కడ కాసేపు నిలబడాలి.

పోలేరయ్య ఎద్దుల్ని తోలుకొచ్చి పూన్చాడు. గట్టు దిగగానే దారి అంతా గుల్ల ఇసుక. ఎద్దులు లాగలేక మెడలు వంచాయి. "బాషా, నువ్వు దిగి నడువయ్యా, రోడ్డు వచ్చిందాకా," అన్నాడు పోలేరయ్య. ఖాదర్ బాషా దూకి, బండికి ముందుగా, గట్టి నేల ఎక్కడుందో చూస్తూ నడవసాగాడు. బండి మెల్లగా ఉంది, అతను మామూలుగానే నడుస్తున్నాడు గనక ఎడం పెరుగుతోంది. ముంతాజు ఒడిలో చక్రాలు పెట్టుకుని, పోలేరయ్య భుజం మీదుగా అతన్ని చూస్తోంది. దారి మీద నడిచే అన్నను ఇంత దూరం నుంచి ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ మెడ, చెవి, ఒక భుజం, అంత దగ్గరే. ఇప్పుడు తల నుంచి మడమల దాకా మనిషంతా కనిపిస్తున్నాడు. చిన్నగా ఉన్నాడు. తాను అనుకున్నంత ఎత్తు లేడు. ఎడమ పక్కకు ఒరిగి నడుస్తున్నాడు. గాలికి అనుకుంది, గాలి అటు నుంచి కాదు. ఇసుకకు అనుకుంది, గట్టి నేల వచ్చాక కూడా ఒరిగే ఉన్నాడు. రెండు చేతులూ ఖాళీగా ఊగుతున్నాయి. వీపు మీద ఎవరూ లేరు. అయినా ఎవరో ఉన్నట్టే, వాళ్ళు జారిపోకుండా నడుము కాస్త వంచి, ఎడమ భుజం దించి, జాగ్రత్తగా నడుస్తున్నాడు.

తన నోటి నుంచి ఏ చప్పుడు వచ్చిందో ఆమెకు తెలియదు. దూరంగా అతను ఆగి, వెనక్కి తిరిగి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం మే, పిలిచినావా?"

"లేదన్నా," అంది ముంతాజు. "నడువు."